బ్యాటరీ గొలుసు రంపము: ఎంపిక, పోషణ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో పెద్దలు సాధారణముగా గ్రంథములను గూర్చియు, కవులను గూర్చియు, విద్యాదానమును గూర్చియు ప్రసంగింతురు. ఈ వేదికపై రంపమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత వెనుకాడితిని. “గ్రంథాలయమునకును రంపమునకును ఏమి సంబంధమండీ?” అని అడిగితిని. వారు నవ్వి, “ఈ రెండు మూడేండ్లలో మన ఊరికి ఎన్ని బ్యాటరీ రంపములు వచ్చినవో మీరు చూచుచునే యున్నారు. ప్రతి రంపపు పెట్టెలోను ఒక చిన్న పుస్తకముండును. దానిని ఎందరు చదివిరి?” అనిరి. నాకు సమాధానము తోచలేదు. చదువని పుస్తకమున్న చోటెల్ల గ్రంథాలయమునకు పని యున్నట్లే గదా!

1883లో కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును, వయోజన విద్యను ఒకే బండికి కట్టిన రెండెడ్లవలె నడిపిన మహనీయులు. వారు పుట్టిన గడ్డపై, చదువు చేతిపనికి ఉపకరింపవలెనని చెప్పుటకు నేను సంకోచింపనక్కరలేదు. కావున మనము “మిషను రంపము” అని పిలుచుకొను ఈ బ్యాటరీ గొలుసు రంపమును ఎట్లు ఎన్నుకొనవలెను, ఎట్లు కాపాడుకొనవలెను, దానివలన మనలను మనము ఎట్లు కాపాడుకొనవలెను అను మూడు సంగతులను మీకు విన్నవించెదను.

రంపము పుట్టుక

మన తాతలు చెట్టును గొడ్డలితో నరికిరి. దూలమును కోయవలసి వచ్చినపుడు ఒకరు పైనను, ఒకరు క్రిందను నిలిచి పెద్దరంపమును లాగిరి. గొలుసునకు పండ్లు తొడిగి యంత్రముచే త్రిప్పు ఉపాయము పాశ్చాత్య దేశములలో వృద్ధి పొందినది. జర్మనీ దేశస్థుడగు ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుచ్ఛక్తితో నడచు గొలుసు రంపమును తయారుచేసెను. దాని బరువు 64 కిలోలు. ఇద్దరు పట్టినగాని అది కదలదు. కరెంటు తీగ చేరినంత మేరయే పనిచేయును. అడవిలో కరెంటు తీగ ఎక్కడిది? అందుచేత ఆయనయే 1929లో పెట్రోలు రంపమును తెచ్చెను. తరువాత చాలకాలము పెట్రోలుదే రాజ్యమయ్యెను.

నేటి గొలుసు ఒక పురుగు పెట్టిన భిక్ష యన్నచో మీకు వింతగా నుండవచ్చును. 1946లో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమందు జోసఫ్ కాక్స్ అను కొయ్యకోత పనివాడు, ఒక మొద్దును తొలుచుచున్న పురుగును పరీక్షగా చూచెను. ఆ పురుగు తన దవడలతో ఎడమకును కుడికిని మార్చి మార్చి కొరుకుచు, గట్టి కొయ్యలో సుళువుగా దారి చేసికొని పోవుచుండెను. కాక్స్ ఆ దవడల పోలికనే ఉక్కుపండ్లను తయారుచేసెను. మీ రంపపు గొలుసును చేతనెత్తి చూడుడు. ఒక పన్ను ఎడమకును, తరువాతి పన్ను కుడికిని తిరిగి యుండును. అది ఆ పురుగు నేర్పిన పాఠమే.

1991లో జపాను దేశమునందు లిథియం-అయాన్ బ్యాటరీలు మొదటిసారి అంగడికి వచ్చినవి. మన చేతి ఫోనులను నడుపునదియు ఈ జాతి బ్యాటరీయే. దీని నిర్మాణమునకు పునాది వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమందు నోబెల్ బహుమానము లభించినది. ఈ బ్యాటరీ వలన రంపము మరల విద్యుచ్ఛక్తికే మరలినది. ఈ మారు తీగ లేకుండ మరలినది.

మన చెట్లు, మన పని

రంపమును కొనుటకు ముందు అంగడికి పోరాదు, పొలమునకు పోవలెను. అక్కడ ఏ చెట్లున్నవి, ఎంత లావు కొమ్మలను కోయవలసియున్నది, సంవత్సరమునకు ఎన్ని దినములు పని యున్నది అని చూచుకొనవలెను.

బనగానపల్లె పేరు మోసికొని దేశమంతట తిరుగు మామిడి మన ప్రాంతపుదే. ఆ బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాయలు దించిన పిమ్మట ఆ తోటలలో ఎండుకొమ్మలను, ఒకదానిపై నొకటి పడిన కొమ్మలను తీసివేయు పని యుండును. పులివెందుల ప్రాంతపు చీనీతోటలలో కొమ్మలు సన్నములు. అక్కడ చిన్న రంపము చాలును. గట్లమీది వేప, చింత, నల్లతుమ్మ వేరు. వాటి కొయ్య గట్టిది. ఎండిన తుమ్మ ఇనుమునకు తమ్ముడు.

ఇక సర్కారు తుమ్మ. దీని కథ మన కడప జిల్లాకు మిక్కిలి దగ్గరిది. మెట్టసీమలకు వంటచెరకు కావలెనని ఆనాటి మదరాసు ప్రభుత్వము విదేశముల నుండి ఈ విత్తనము తెప్పించి, 1877లో కమలాపురమున నాటించినది. ఆ నాటిన చేయి ఎవరిదో గాని, నేడు చెరువులు, వాగులు, బీళ్ళు దాని వశమైనవి. ఈ చెట్టును కోయుటకే మనలో పెక్కురు రంపమును కొనుచున్నారు. కాని ఒక మాట గమనింపుడు. ఈ చెట్టును నేలమట్టమున కోసినంత మాత్రమున చావదు. మొదటినుండి పది కొమ్మలుగా మరల చిగురించును. మొదలును త్రవ్వి, నేలకు జానెడు లోతున, వేళ్ళు విడిపోవు చోట తెగగొట్టినగాని దాని పీడ వదలదు. ఆ పని రంపమునకు తగదు. మట్టిని తాకిన గొలుసు కొద్ది క్షణములలో మొండిదగును. కావున పైభాగమును రంపముతో కోసి, మొదలును గడ్డపార, గొడ్డళ్ళకు విడువవలెను. రంపము వచ్చినదని గొడ్డలిని అటకెక్కించినవాడు ఈ చెట్టు చేతిలో ఓడిపోవును.

ఎంపిక

ఇప్పుడు అంగడికి పోదము. అక్కడ మొదట కంటబడునవి అంకెలు. 18 వోల్టులు, 20, 21, 36, 40, అంతకు మించి 48, 88 అని కూడ పెట్టెలపై ముద్రించి యుండును. ఈ అంకెల మర్మము తెలియవలెను.

లిథియం బ్యాటరీ లోపల చిన్న చిన్న సెల్లులు వరుసగా కూర్చబడి యుండును. ఒక్కొక్క సెల్లు సామాన్యముగా 3.6 వోల్టులు, నిండుగా చార్జు చేసినపుడు సుమారు 4.2 వోల్టులు. ఐదు సెల్లుల వరుస 18 వోల్టులగును, నిండినపుడు 21. అనగా 18, 20, 21 అను మూడు పేర్లును ఒక్క వస్తువునకే. పది సెల్లుల వరుస 36. దానినే కొందరు 40 అందురు. ఐదు సెల్లులే పెట్టి 48 అనియు, 88 అనియు వ్రాసినచో అది వ్యాపారపు అంకెయే గాని వోల్టు గాదు.

ఇట్టి అంకెను చూచి నేనును ఒకప్పుడు మోసపోయితిని. ఆరంగుళముల చిన్న రంపమును, పెద్ద అంకెను నమ్మి కొంటిని. తొడంత లావు ఎండుతుమ్మ కొమ్మపై పెట్టగా సగము కోసి ఆగిపోయెను. మెకానిక్కుచే విప్పించి చూడగా ఐదే సెల్లులు కనబడినవి. అంతవరకు తప్పు ఆ అంకెది. ఆపై తప్పు నాది. దానిని రేకుల కప్పున్న మోటారు కొట్టములో పెట్టి వేసవియంతయు మరచితిని. తొలకరి నాటికి ఆ బ్యాటరీ ప్రాణము పోయియుండెను. పెట్టెలోని పుస్తకము మాత్రము విప్పని సంచిలో క్రొత్తగా మెరయుచుండెను.

బ్యాటరీ బలమును తెలిసికొనుటకు సులభమైన లెక్క యున్నది. వోల్టులను ఆంపియర్-గంటలతో హెచ్చవేయుడు, వాట్-గంటలు వచ్చును. వోల్టు తొట్టిలోని నీటి ఎత్తు వంటిది. ఆంపియర్-గంట ఆ తొట్టి వెడల్పు వంటిది. రెండును కలిసిననే నీరెంతయో తెలియును. 36 వోల్టులు, 5 ఆంపియర్-గంటల బ్యాటరీలో 180 వాట్-గంటల శక్తి యుండును. కోయునపుడు రంపము 1000 వాట్లు త్రాగుననుకొనుడు. ఆ శక్తి ఎడతెగక కోసినచో 11 నిమిషములు మాత్రమే వచ్చును. 18 వోల్టులు, 2 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీలో 36 వాట్-గంటలే. 400 వాట్లు త్రాగు చిన్న రంపమునకు సుమారు ఐదు నిమిషములు మాత్రమే వచ్చును. ఈ నిమిషములు గొలుసు కొయ్యను కోయుచున్న నిమిషములు. నడుమ కొమ్మ లాగుట, స్థలము మారుట, చెమట తుడుచుకొనుట కలిసి ఒక బ్యాటరీ అరగంటయో, ముప్పావు గంటయో పనికి వచ్చును. కంపెనీలవారు ప్రకటించు కోతల సంఖ్యను సామాన్యముగా మెత్తని కొయ్యపై లెక్కింతురు. మన తుమ్మపై అంతటి సంఖ్యను ఆశింపరాదు.

ఖర్చు సంగతియు వినుడు. 180 వాట్-గంటల బ్యాటరీని నింపుటకు, వృథాతో కలిపి, యూనిట్టులో సుమారు ఐదవ వంతు కరెంటు చాలును. కరెంటు ఖర్చు స్వల్పము. అసలు ఖర్చు బ్యాటరీది. రంపము వెలలో పెద్దభాగము బ్యాటరీదే యని గుర్తుంచుకొనవలెను.

ఇక పట్టీ పొడవు. గొలుసు తిరుగు ఇనుపపట్టీని మెకానిక్కులు గైడ్ బారు అందురు. మీరు తరచుగా కోయు కొమ్మ లావుకంటె పట్టీ కొంచెము పొడవుండవలెను. మామిడితోటకు, ఇంటి అవసరమునకు 12 మొదలు 14 అంగుళముల పట్టీ చాలును. చీనీ కొమ్మలకు నాలుగు మొదలు ఆరంగుళముల రంపము చాలును. చిన్న బ్యాటరీకి పొడవైన పట్టీ తగిలించిన రంపము, బక్క ఎద్దుకు పెద్దమడక కట్టినట్లుండును.

కొనునపుడు ఇంకను చూడవలసినవి ఇవి. బ్రష్షులు లేని మోటారా? అట్టి మోటారు అదే బ్యాటరీతో ఎక్కువ పని చేయును, తక్కువగా వేడెక్కును. ముందువైపు గొలుసును ఆపు బ్రేకు ఉన్నదా? గొలుసునకు నూనె తనంతట తానే అందునా? విడి గొలుసు, పట్టీ మన కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప పట్టణములలో దొరకునా? ఆ బ్యాటరీయే అదే కంపెనీ గడ్డికోత యంత్రమునకును సరిపోవునా? ఒక కంపెనీ బ్యాటరీ వేరొక కంపెనీ పనిముట్టునకు సాధారణముగా సరిపడదు. కావున బంధువులు, ఇరుగు పొరుగువారు ఆలోచించి ఒకే జాతి బ్యాటరీని కొన్నచో, ఒకరి బ్యాటరీ ఇంకొకరికి అక్కరకు వచ్చును. చివరిగా, బిల్లు, గ్యారంటీ కాగితము పుచ్చుకొనక డబ్బు చేతికి ఈయరాదు.

అందరును కొనవలెనని నేను చెప్పను. దినమంతయు మొద్దులు కోసి జీవించువానికి ఇప్పటికిని పెట్రోలు రంపమే తగును. సంవత్సరమునకు రెండు దినములు మాత్రమే పనియున్నవాడు కూలికి పిలిపించుకొనుట మేలు. తోట కలిగి, ఏడాది పొడవున అప్పుడప్పుడు గంట రెండు గంటలు కోత యున్నవానికి బ్యాటరీ రంపము మంచి నేస్తము. దానికి పొగ లేదు, త్రాడు లాగు శ్రమ లేదు, పెట్రోలులో నూనె కలుపు లెక్క లేదు.

బ్యాటరీ పోషణ

మన సీమలో బ్యాటరీకి మొదటి శత్రువు ఎండ. వేసవిలో కర్నూలు, కడప జిల్లాలలో నీడలోనే 40 డిగ్రీలు దాటును. రేకుల కొట్టములోను, తలుపులు మూసిన కారులోను ఆ వేడి ఇంకను పెరుగును. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జు చేయరాదు. మంచి చార్జర్లు అట్టి బ్యాటరీని చల్లబడువరకు స్వీకరింపవు. దీపము వెలిగించి ఊరకుండును. అది చెడిపోయినదని భ్రమపడి కొట్టవద్దు, నీటిలో ముంచవద్దు. పని ముగియగానే చార్జరులో పెట్టక, నీడలో ఒక గంట ఉంచి, చేతికి చల్లగా తగిలిన పిమ్మట పెట్టుడు. వేసవిలో రాత్రివేళ చార్జు చేయుట ఉత్తమము.

ఇంటి లోపలి గదిలో కడప బండ పరచిన అర యున్నచో బ్యాటరీకి అంతకంటె మంచి స్థానము లేదు. నెలల తరబడి పనిలేనపుడు నిండు చార్జుతోను ఉంచరాదు, పూర్తిగా ఖాళీగాను ఉంచరాదు. సగము చార్జుతో ఉంచవలెను. రెండు మూడు నెలలకొకసారి చూచి, తగ్గినచో సగమువరకు నింపవలెను.

చార్జరును ఇంటి సింగిల్ ఫేజు సాకెట్టుకే తగిలింపవలెను. పొలములో మోటారు స్టార్టరు పెట్టె నుండి తీగ లాగి తగిలించు అలవాటు కొందరికి గలదు. అది ప్రాణాంతకము. త్రీఫేజులో రెండు ఫేజుల నడుమ సుమారు 400 వోల్టులుండును. 230 వోల్టుల చార్జరు అక్కడ కాలిపోవును, మనిషికిని ముప్పు గలదు.

ఉబ్బిన బ్యాటరీని, పగిలిన బ్యాటరీని, నీట పడిన బ్యాటరీని చార్జు చేయరాదు. దానిని విప్పరాదు, చెత్తకుప్పలో వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేసినవారిపై నున్నది. కొన్న అంగడివానినే అడుగుడు.

గొలుసు పోషణ

బ్యాటరీ ఎంత గొప్పదైనను గొలుసు మొండిదైనచో పని జరుగదు. మొండి గొలుసుతో కోయువాడు కొయ్యను కాక బ్యాటరీని కోయుచున్నాడు. గొలుసు వాడి తెలిసికొనుటకు పరికరమేదియు అక్కరలేదు. రాలు పొట్టును చూడుడు. వాడి గొలుసు పేళ్ళవంటి ముక్కలను రాల్చును. మొండి గొలుసు పిండివంటి పొడిని రాల్చును. చేతితో అదిమినగాని కొయ్యలోనికి దిగదు. కోత వద్ద కమురు వాసన వచ్చును. కోత ఒక వైపునకు వంకరగా పోయినచో ఒక వరుస పండ్లు వాడిగను, రెండవ వరుస మొండిగను ఉన్నవని అర్థము.

వాడి పెట్టుటకు గుండ్రని ఆకురాయి కావలెను. గొలుసు కొలతను బట్టి ఆకురాయి లావు మారును. ఈ జాతి రంపములలో తరచుగా కనబడు “ఎనిమిదింట మూడు లో ప్రొఫైల్” గొలుసునకు 4 మిల్లీమీటర్ల ఆకురాయి తగును. మీ గొలుసునకు ఏది తగునో పెట్టెలోని పుస్తకమున వ్రాసియుండును. మొదట బ్యాటరీ తీసివేయుడు. ప్రతి పంటిని లోపలినుండి వెలుపలికి, ఒకే దిక్కున, సామాన్యముగా 30 డిగ్రీల వాలున రాయవలెను. వెనుకకు లాగునపుడు ఆకురాయిని ఎత్తవలెను. ఒక పంటికి మూడు రాపిడులైనచో అన్నిటికిని మూడే. ఒక వైపు పండ్లన్నియు ముగించి, పిమ్మట రెండవ వైపు తిరుగవలెను. పంటికి ముందున్న చిన్న బుడిపె, పన్ను ఎంత లోతు కొరకవలెనో నిర్ణయించును. అది పంటి కొనకంటె సుమారు 0.65 మిల్లీమీటరు తగ్గి యుండవలెను. కొలబద్ద పెట్టి చూడక దానిని అరగదీయరాదు. ఎక్కువ అరగినచో రంపము ఎగిరిపడును.

గొలుసు బిగువు రెండవ సంగతి. చల్లగా నున్నపుడు గొలుసు పట్టీ క్రింది అంచునకు అంటి, వ్రేలాడక యుండవలెను. తొడుగు వేసికొన్న చేతితో లాగినచో సులభముగా తిరుగవలెను. క్రొత్త గొలుసు మొదటి గంటలో సాగును గనుక మాటిమాటికి చూచుకొనవలెను. వేడిమీద సాగిన గొలుసును బిగించి అట్లే వదలినచో, చల్లబడి ముడుచుకొని పట్టీని, మోటారును నొక్కివేయును. పని ముగియగానే కొంచెము వదులు చేయుట మంచిది.

మూడవది నూనె. ఇంజను లేదు గనుక నూనె అక్కరలేదని తలచువారున్నారు. గొలుసు సెకనుకు 10 మొదలు 20 మీటర్ల వేగమున పట్టీని రాచుకొని పరుగెత్తును. నూనె లేనిచో కొద్ది నిమిషములలో పట్టీ నీలిరంగుకు తిరుగును. బ్యాటరీ మార్చినపుడెల్ల నూనె చూడవలెను. గొలుసునకై అమ్ము చిక్కని నూనె శ్రేష్ఠము. ట్రాక్టరులో వాడి తీసిన నల్లనూనె వద్దు; అందులో ఇనుపరజను ఉండును, అది మంటికిని, మనుష్యుని చర్మమునకును హాని. ఇంటనున్నదే గదా యని వేరుశనగ నూనె పోసినచో ఆ పూటకు పని జరుగును గాని, వాడక నిలువ ఉంచినచో జిగురుకట్టి రంధ్రములు పూడిపోవును. దాచునపుడు కొన్ని రంపములు నూనె కార్చును, అది చెడుటగాదు. క్రింద ఒక పళ్ళెముంచిన చాలును.

పని ముగిసిన సాయంకాలము పది నిమిషములు రంపమునకు కేటాయింపుడు. ప్రక్కమూత తీసి పొట్టును కుంచెతో దులుపుడు; పట్టీ గాడిని, నూనె రంధ్రమును శుభ్రము చేయుడు; అప్పుడప్పుడు పట్టీని తలక్రిందులుగా త్రిప్పి బిగించినచో రెండంచులును సమముగా అరుగును. నీళ్ళతో కడుగరాదు.

దేహ రక్షణ

సోదరులారా! పెట్రోలు రంపము తన రొదతో దూరమునుండియే హెచ్చరించును. బ్యాటరీ రంపము మౌనముగా నుండును. మీట నొక్కిన క్షణముననే పరుగెత్తును. దాని మంచితనమే దాని ప్రమాదము. పిల్లలకు అది ఆటవస్తువువలె కనబడును. గొలుసును ముట్టుకొనుటకు ముందును, చోటు మారునపుడును, క్రింద పెట్టునపుడును బ్యాటరీ తీయుట అలవాటు చేసికొనవలెను.

పట్టీ కొన పైభాగము కొయ్యకు తగిలినచో రంపము కన్నుమూసి తెరచునంతలో వెనుకకు, ముఖము మీదికి ఎగురును. దానిని బలముతో ఆపగల మనుష్యుడు లేడు. కావున కొనతో కోయరాదు. రెండు చేతులతో, బొటనవ్రేలు పిడి క్రిందుగా చుట్టి పట్టవలెను. భుజముకంటె ఎత్తున కోయరాదు. నిచ్చెనపై నిలిచి కోయరాదు. పంచె, తలగుడ్డ కొస, చీరకొంగు గొలుసునకు ఆహారము. బిగువైన పాంటు, గట్టి బూట్లు, కంటికి అద్దములు, తలకు హెల్మెట్టు ఉండవలెను. ఒంటరిగా కోయరాదు. కరెంటు తీగలను తాకిన కొమ్మ జోలికి పోక లైన్‌మనుకు కబురు పంపవలెను.

బరువైన మామిడి కొమ్మను మూడు కోతలతో తీయవలెను. మొదట మ్రానికి జానెడు దూరమున క్రిందినుండి మూడవ వంతు కోయుడు. తరువాత దానికి కొంచెము వెలుపల పైనుండి కోసినచో కొమ్మ బెరడు చీల్చక రాలును. చివరకు మిగిలిన మోడును, కొమ్మ మొదట ఉబ్బుగా నున్న మెడను గాయపరచక, దాని వెలుపల కోయుడు. ఆ మెడయే గాయమును మాన్పుకొనును. బెరడు చీలిన చెట్టునకు తెగులు సోకిన తరువాత రంపమును నిందించి ప్రయోజనము లేదు.

ఆగుట

చివరి మాట. ఇంతవరకు కోయుట చెప్పితిని. ఇక ఆగుట చెప్పవలెను.

గొడ్డలితో పెద్ద వేపను పడగొట్టుటకు ఒక పూట పట్టెడిది. ఆ పూటలో దారిన పోవు పెద్దమనిషి నిలిచి “ఎందుకురా, నాయనా?” అని అడుగుటకు వ్యవధి యుండెడిది, కొట్టువానికి మనసు మారుటకు వ్యవధి యుండెడిది. ఈ రంపము ఆ పనిని కొద్ది నిమిషములలో ముగించుచున్నది. అడుగువాడు వచ్చునప్పటికి చెట్టు నేలపై నుండును. వానలు తక్కువైన మన సీమలో ఒక వేప నిండునీడ నిచ్చుటకు ఒక తరము పట్టును. యంత్రము మనకు మిగిల్చిన కాలమును ఆలోచనకు వినియోగింపవలెను. పెద్ద చెట్టును కోయదలచినవాడు ఒక రాత్రి నిద్రించి మరునాడు నిర్ణయించుకొనుట మంచిది.

శాసనమును ఎరుగవలెను. 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షముల చట్టము, అనగా వాల్టా చట్టము, చెట్టు కొట్టుటకు ముందుగా అనుమతి పొందవలెనని విధించుచున్నది. ఏ జాతులకు మినహాయింపు గలదో అధికారులను అడిగి తెలిసికొనవలెను. శేషాచలము, పాలకొండలు, లంకమల కొండలలో మన ఎర్రచందనము సహజముగా అడవులుగా పెరుగును. 1995 నుండి అంతర్జాతీయ ఒప్పందము దాని వ్యాపారమును నియంత్రించుచున్నది. స్వంత పొలములోని ఎర్రచందనమునైనను అటవీశాఖ అనుమతి లేక ముట్టరాదు. అటవీ నేరమున వాడిన పనిముట్లను, వాహనములను జప్తు చేయు అధికారము 1967 అటవీ చట్టము ననుసరించి గలదు. మీ రంపమును ఎవరైన రాత్రివేళ ఎరువు అడిగినచో, ఏ పనికో తెలిసికొని మరీ ఈయుడు.

కార్యవర్గమువారికి నాదొక మనవి. గ్రంథాలయములో ఒక చిన్న బీరువా అర కేటాయింపుడు. అందులో రెండు మూడు కొలతల గుండ్రని ఆకురాళ్ళు, బుడిపె కొలబద్ద ఒకటి ఉంచుడు. వాని వెల ఒక నవల వెలకు మించదు. ఊరిలోని ప్రతి రంపపు పుస్తకమునకు ఒక ప్రతి తీసి అట్టవేసి ఉంచుడు. నెలకొక సాయంకాలము, చదువు వచ్చిన మన బాలబాలికలు ఆ పుస్తకమును తెలుగున చదివి చెప్పగా, రంపములున్నవారు గొలుసులు తెచ్చుకొని వాడి పెట్టుకొనవచ్చును. ఇరువదియైదేండ్లు మన కన్నులు తెరిపించిన ఈ గ్రంథాలయము ఇకమీదట మన చేతులను, మన చెట్లను కూడ కాపాడినదని స్వర్ణోత్సవ సభలో చెప్పుకొనగలుగుదుము గాక.